పాత కరెంటు బొమ్మ రైలుని బ్యాటరీ, రిమోట్‌తో నడిచేలా మార్చడం ఎలా: మొదటి నుంచి చివరి దాకా

"పట్టాలకి కరెంటు ఇచ్చి నడిపే పాత రైలు సెట్టు ఉంది, దాన్ని బ్యాటరీ పెట్టి రిమోట్‌తో నడపొచ్చా?" అని చాలామంది అడుగుతూనే ఉన్నారు కాబట్టి మొత్తం ఒకేచోట రాసేస్తున్నా. నడపొచ్చు, చాలా బాగా నడుస్తుంది. పట్టాలు తుప్పు పట్టినా, మురికిగా ఉన్నా, ప్లాస్టిక్ పట్టాలైనా సరే ఆగదు, రైలుని వెనక్కి తిప్పి అదే పట్టా మీదికి తెచ్చే లూప్ వేసినప్పుడు షార్ట్ అయ్యే గోల కూడా ఉండదు.

అయితే ఎక్కువమంది చేసే పని ఏంటంటే ముందే బ్యాటరీ, రిమోట్ కొనేసి తర్వాత ఇంజను విప్పుతారు, అప్పుడు ఏదీ పట్టదు, పట్టినా కాలిపోతుంది. వరస ఇది: ముందు మోటార్ బాగుచెయ్యాలి, తర్వాత అది ఎంత కరెంటు తాగుతుందో కొలవాలి, తర్వాత దాన్ని చక్రాల నుంచీ బాడీ నుంచీ విడదీయాలి, ఆ తర్వాతే కొనడం. ఈ వరస మార్చకండి.

## 1. మీ ఇంజను ఏ రకమో తేల్చుకోండి

మొదట పట్టాల మధ్య దూరం స్కేలుతో కొలవండి. 9 మిల్లీమీటర్లు అయితే ఎన్ గేజ్, 16.5 అయితే హెచ్‌ఓ లేదా ఓఓ, 32 చుట్టుపక్కల అయితే ఓ గేజ్, 45 అయితే తోటల్లో నడిపే పెద్ద రైళ్ళు. ఎన్ గేజ్ ఇంజన్లో ఏమీ పట్టదు, మొదటిసారి చేసేవాళ్ళు దాని జోలికి పోవద్దు. హెచ్‌ఓ ఇరుకుగా ఉంటుంది కానీ అవుతుంది, వెనక టెండర్ (బొగ్గు పెట్టె బండి) ఉన్న స్టీమ్ ఇంజను అయితే ఇంకా తేలిక. ఓ గేజ్, 45 మిల్లీమీటర్లవి హాయిగా చెయ్యొచ్చు.

రెండోది, అది డీసీ మోటారా, ఏసీ మోటారా? తెలుసుకోడానికి మూడు దారులు:

- ట్రాన్స్‌ఫార్మర్ వెనక లేబుల్ మీద అవుట్‌పుట్ ఏసీనో డీసీనో రాసి ఉంటుంది. రెండు పట్టాల హెచ్‌ఓ సెట్లు దాదాపు అన్నీ 12 వోల్టుల డీసీ.
- మధ్యలో మూడో పట్టా ఉన్నా, పట్టాల మధ్య చిన్న చిన్న మేకుల్లాంటి కాంటాక్టులు ఉన్నా అది చాలావరకు ఏసీ. పాత లయనెల్, మార్క్లిన్ ఇంజన్లు ఇలాంటివే.
- మోటార్ దగ్గర చిన్న ఇనప స్క్రూ పెట్టి చూడండి. కరెంటు లేకుండానే గట్టిగా అంటుకుంటే లోపల పర్మనెంట్ మ్యాగ్నెట్ ఉన్నట్టు, అంటే డీసీ. అంటుకోకుండా, తిరిగే భాగం కాక బయట కదలకుండా ఉండే భాగానికి కూడా రాగి తీగ చుట్టి ఉంటే అది ఏసీ మోటార్, దానికి 6వ భాగంలో వేరే పని ఉంది.

ఒక మాట. డబ్బాతో సహా చెక్కుచెదరకుండా ఉన్న పాత సెట్టు అయితే బాడీ కొయ్యకండి, రంధ్రాలు పెట్టకండి. తీసిన ప్రతి ముక్కా కవర్లో వేసి పేరు రాసి దాచండి, మళ్ళీ ఎప్పుడైనా మామూలుగా మార్చుకోడానికి వీలుండాలి. నేనైతే ఏ పాత ఇంజనుకీ తిరిగి మార్చలేని కోత పెట్టను.

## 2. విప్పే ముందు సర్దుకోవాల్సినవి

- మల్టీమీటర్, కంటిన్యుటీ బీప్ (రెండు చోట్ల మధ్య కనెక్షన్ ఉంటే కూసేది) వచ్చేది (ఇది లేకుండా మొదలుపెట్టొద్దు)
- సన్న మొన ఉన్న సోల్డరింగ్ ఐరన్, సోల్డర్ తీగ (లెడ్), ఫ్లక్స్
- చిన్న స్క్రూ డ్రైవర్లు, ట్వీజర్, సన్న కట్టర్
- ఐసోప్రొపైల్ ఆల్కహాల్, ఇయర్ బడ్స్, పాత టూత్ బ్రష్
- ప్లాస్టిక్‌ని తినని లైట్ ఆయిల్, ప్లాస్టిక్ గేర్లకి పనికొచ్చే గ్రీజు
- మెత్తటి సిలికాన్ తొడుగు వైరు: హెచ్‌ఓకి 28 గేజ్, పెద్దవాటికి 22 లేదా 24 (ఇక్కడ గేజ్ అంటే వైరు మందం)
- హీట్ ష్రింక్ ట్యూబ్ (వేడి చేస్తే ముడుచుకుని వైరుని పట్టేసే తొడుగు), కాప్టాన్ టేపు (వేడిని తట్టుకునే టేపు)
- కారు ఇండికేటర్‌కి వాడే 12 వోల్టుల బల్బు ఒకటి, రెండు వైర్లు సోల్డర్ చేసి (ఎందుకో 12వ భాగంలో చెప్తా)

విప్పుతున్నప్పుడు ప్రతి స్టెప్పుకీ ఫోన్లో ఫోటో తియ్యండి. స్క్రూలు ఒక్కోటి ఒక్కో సైజు ఉంటాయి, కాగితం మీద ఇంజను బొమ్మ గీసి ఏ స్క్రూ ఎక్కడిదో అక్కడే గుచ్చి పెడితే తర్వాత వెతుక్కునే పని ఉండదు.

బాగా పాత రేకు బొమ్మల పెయింట్‌లో సీసం ఉండే అవకాశం ఉంది కాబట్టి బాడీని గీకడం, శాండ్‌పేపర్ పెట్టడం చెయ్యొద్దు. పాత రబ్బరు తొడుగు వైర్లు ముట్టుకుంటేనే పొడి పొడిగా రాలిపోతాయి, వాటిని దాచుకోకండి, మొత్తం కొత్తవి వేసెయ్యండి.

## 3. మోటార్ బాగుచెయ్యడం

బ్యాటరీ పెట్టినంత మాత్రాన బిగుసుకుపోయిన మోటార్ బాగుపడదు, ఇంకా ఎక్కువ కరెంటు లాగి బ్యాటరీని, డ్రైవర్‌ని (మోటార్‌కి కరెంటు ఇచ్చి అదుపు చేసే బోర్డు) చంపుతుంది.

పాత గ్రీజు ఏళ్ళ తరబడి గట్టిపడి మైనంలా అయిపోయి ఉంటుంది. టూత్ బ్రష్‌కి ఆల్కహాల్ పట్టించి గేరు పళ్ళ మధ్య మొత్తం తీసెయ్యండి. ఆల్కహాల్ పెయింట్ మీద, ప్లాస్టిక్ బాడీ మీద పడకుండా చూస్కోండి.

తర్వాత కమ్యుటేటర్, అంటే మోటార్ బ్రష్‌లు (కరెంటు అందించే కార్బన్ ముక్కలు) రాసుకునే రాగి చుట్టు. నల్లగా ఉంటే ఇయర్ బడ్‌తో ఆల్కహాల్ పెట్టి తిప్పుతూ తుడవండి, రాగి రంగు రావాలి. రాగి ముక్కల మధ్య సన్న సందులు ఉంటాయి, వాటిలో కార్బన్ పొడి ఇరుక్కుంటే లోపలే షార్ట్ అవుతుంది, టూత్‌పిక్‌తో మెల్లగా గీసి తీసెయ్యండి. సూది వాడొద్దు, రాగి మీద గీత పడితే బ్రష్ తొందరగా అరిగిపోతుంది. బ్రష్‌లు అరిగిపోయి స్ప్రింగు దాదాపు కమ్యుటేటర్‌ని తాకేలా ఉంటే కొత్తవి వెయ్యాల్సిందే.

పాత డీసీ మోటార్లలో ఆర్మేచర్‌ని (లోపల తిరిగే భాగం) బయటికి లాగొద్దు. ఆ కాలపు అయస్కాంతాలు ఆర్మేచర్ తీసేస్తే బలం పోగొట్టుకుంటాయి, తర్వాత మోటార్ వేడెక్కుతుంది, బలం ఉండదు, కరెంటు మాత్రం ఎక్కువ తాగుతుంది. తప్పనిసరిగా తియ్యాల్సి వస్తే వెంటనే ఆ ఖాళీలో ఇనప ముక్క పెట్టెయ్యండి.

ఆయిల్ బేరింగ్‌కి ఒక్క చుక్క, సూది మొనతో. కమ్యుటేటర్ మీదికి పోతే మళ్ళీ శుభ్రం చెయ్యాలి. ఇదంతా అయ్యాక చేత్తో చక్రం తిప్పితే ఎక్కడా పట్టెయ్యకుండా ఒకేలా తిరగాలి. ఇంత చేసినా మోటార్ మొండికేస్తే వదిలెయ్యండి, కొలతకి సరిపోయే కొత్త డీసీ మోటార్ పెట్టుకోవడమే మంచిది, అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

## 4. కరెంటు కొలవడం

మోటార్‌కి మీరు వాడబోయే వోల్టేజ్ ఇచ్చి, మల్టీమీటర్‌ని 10 ఆంపుల రేంజ్‌లో సిరీస్‌లో (మోటార్‌కి పోయే కరెంటు దాని గుండానే పోయేలా) పెట్టి మూడు అంకెలు రాసుకోండి:

1. చక్రాలు గాల్లో ఉన్నప్పుడు
2. పట్టాల మీద మీ బోగీలన్నీ లాగుతున్నప్పుడు
3. చక్రం చేత్తో ఆపి పట్టుకున్నప్పుడు, ఒక్క సెకను మాత్రమే

మూడోదే అన్నిటికన్నా ముఖ్యం. బోగీ పట్టా తప్పి ఇంజను ఇరుక్కుంటే లాగే కరెంటు అది. డ్రైవర్ దాన్ని తట్టుకోవాలి. రెండోది బ్యాటరీ ఎంతసేపు వస్తుందో చెప్తుంది. హెచ్‌ఓ ఇంజన్లు మామూలుగా అర ఆంపు లోపు నడుస్తాయి, పాత ఓ గేజ్‌వి ఆంపు దాటి లాగుతాయి.

12 వోల్టుల మోటార్‌ని 12 వోల్టులతోనే నడపాలని రూలేం లేదు. బొమ్మ రైళ్ళు ఫుల్ వోల్టేజ్‌లో అసలు రైలు కంటే చాలా జోరుగా పోతాయి, 7.4 వోల్టులతో నడిపి చూడండి, చాలాసార్లు ఆ వేగమే చూడముచ్చటగా ఉంటుంది. అది సరిపోతే రెండు లిథియం సెల్స్‌తో పని అయిపోతుంది, బోలెడు చోటు మిగులుతుంది.

## 5. మోటార్‌ని చక్రాల నుంచి, బాడీ నుంచి విడదీయడం

ఈ పని మొత్తానికి గుండెకాయ ఇదే, కాబట్టి ఇక్కడ తొందరపడొద్దు.

మామూలు ఇంజన్లో కరెంటు చక్రాల నుంచి రేకు ముక్కల ద్వారా మోటార్‌కి వస్తుంది. కుడి చక్రాలది ఒక వైరులో వస్తుంది, ఎడమ చక్రాలది మాత్రం చాలా పాత ఇంజన్లలో వైరు లేకుండా నేరుగా లోహపు ఛాసిస్ (ఇంజను అడుగు చట్రం) గుండానే మోటార్ బ్రష్‌కి వెళ్తుంది. వైరు కనపడదు కాబట్టి కొయ్యాల్సింది ఒక్కటే అనుకుంటారు, ఒకటే కోస్తారు. రెండో బ్రష్ ఛాసిస్‌కి అంటుకునే ఉంటుంది.

నేను ఇలా ఒక డ్రైవర్ బోర్డు కాల్చుకున్నా. చార్జింగ్ జాక్ ఒకటి ఛాసిస్‌కి బిగించా, ఆ జాక్ బయటి లోహం బ్యాటరీ నెగెటివ్. మోటార్‌లో ఒక బ్రష్ హోల్డర్ కింద ఉండాల్సిన ఫైబర్ వాషర్ అరిగిపోయి అదీ ఛాసిస్‌ని తాకుతోంది. ముందుకి నడిపితే ఆ బ్రష్ నెగెటివ్ వైపే కాబట్టి ఏ తేడా తెలియలేదు, పది నిమిషాలు చక్కగా తిరిగింది. రివర్స్ నొక్కగానే అదే బ్రష్ పాజిటివ్ అయింది, ఛాసిస్ గుండా నేరుగా షార్ట్, చిప్ మీద బఠాణీ గింజంత బొబ్బ లేచి పొగ వచ్చింది. ముందుకి బాగా నడిచిందంటే వైరింగ్ సరిగ్గా ఉన్నట్టు కాదు అని ఆ రోజు అర్థమైంది.

అందుకే ఇలా చెయ్యండి:

1. చక్రాలకి రాసుకునే పికప్ రేకుల నుంచి వచ్చే వైర్లన్నీ తీసెయ్యండి. వేలాడే చివరలకి హీట్ ష్రింక్ వెయ్యండి.
2. మూడో పట్టా ఇంజను అయితే కింద ఉన్న రోలర్ లేదా షూ వైరు కూడా తీసెయ్యండి.
3. ఛాసిస్‌కి అంటుకున్న బ్రష్ హోల్డర్‌ని విప్పి కింద ఫైబర్ లేదా నైలాన్ వాషర్ పెట్టండి, బిగించే స్క్రూ కూడా నైలాన్‌ది అయితే మంచిది. బ్రష్ స్ప్రింగు చివర ఛాసిస్‌ని తాకుతుంటే దానికి సన్న స్లీవ్ తొడగండి.
4. రెండు బ్రష్‌లకీ రెండు కొత్త వైర్లు, రెండు వేర్వేరు రంగులవి, నేరుగా సోల్డర్ చెయ్యండి.
5. పాత బల్బుల హోల్డర్లు కూడా చాలాసార్లు ఛాసిస్‌నే రిటర్న్‌గా వాడతాయి, అవీ విడదీయండి.

ఇప్పుడు మల్టీమీటర్ బీప్ మోడ్‌లో పెట్టి ఇవన్నీ చూడండి. చక్రాన్ని మెల్లగా పూర్తి చుట్టు తిప్పుతూ చూడాలి, ఒక చోట తాకి ఇంకో చోట తాకని తప్పులు ఉంటాయి.

- బ్రష్ 1 నుంచి ఛాసిస్: బీప్ రాకూడదు
- బ్రష్ 2 నుంచి ఛాసిస్: రాకూడదు
- ఏ బ్రష్ నుంచైనా ఏ చక్రానికైనా: రాకూడదు
- బ్రష్ 1 నుంచి బ్రష్ 2: కొన్ని ఓమ్‌లు చూపించాలి (ఇది మోటార్ కాయిల్)

నాలుగూ సరిగ్గా వచ్చేదాకా ముందుకి వెళ్ళొద్దు.

## 6. ఏసీ మోటార్ అయితే

పాత ఏసీ ఇంజన్లలో బయటి ఫీల్డ్ కాయిల్, లోపలి ఆర్మేచర్ ఒకదాని తర్వాత ఒకటి సిరీస్‌లో ఉంటాయి. దీనికి డీసీ ఇస్తే హాయిగా తిరుగుతుంది, పైగా ఏసీ కంటే తక్కువ వోల్టేజ్‌కే తిరుగుతుంది. కానీ పాజిటివ్ నెగెటివ్ తారుమారు చేసినా దిక్కు మారదు, ఎందుకంటే ఫీల్డ్, ఆర్మేచర్ రెండూ కలిసి తిరగబడతాయి. అందుకే "బ్యాటరీ పెట్టా, ముందుకే పోతోంది, రివర్స్ రావట్లేదు" అంటారు.

పరిష్కారం ఒక బ్రిడ్జ్ రెక్టిఫయర్ (కరెంటు ఎటు నుంచి వచ్చినా ఒకే దిక్కులో పంపే ముక్క), నాలుగు కాళ్ళది, 4 ఆంపులు 50 వోల్టులు లేదా ఆపైది. వైరింగ్ ఇలా:

1. ఇంజన్లో దిక్కు మార్చే పాత రిలే లాంటి యూనిట్ ఉంటుంది, దాన్ని తీసి దాచెయ్యండి.
2. ఫీల్డ్ కాయిల్ రెండు చివరలనీ విడిగా బయటికి తెచ్చుకోండి. ఒక చివర ఛాసిస్‌కి సోల్డర్ అయి ఉండొచ్చు, అది తప్పకుండా ఊడదీయాలి.
3. ఫీల్డ్ రెండు చివరలూ బ్రిడ్జ్ ప్లస్, మైనస్ కాళ్ళకి.
4. డ్రైవర్ మొదటి అవుట్‌పుట్ నుంచి బ్రిడ్జ్ ఒక ఏసీ కాలుకి. బ్రిడ్జ్ రెండో ఏసీ కాలు నుంచి ఒక బ్రష్‌కి. రెండో బ్రష్ నుంచి డ్రైవర్ రెండో అవుట్‌పుట్‌కి.

ఇప్పుడు డ్రైవర్ ఎటు తిప్పినా ఫీల్డ్‌లో కరెంటు ఒకే దిక్కులో పోతుంది, ఆర్మేచర్‌లో మాత్రం మారుతుంది, దాంతో రివర్స్ వస్తుంది. బ్రిడ్జ్‌లో దాదాపు ఒకటిన్నర వోల్టు పోతుంది, కాబట్టి ఇలాంటివాటికి మూడు లేదా నాలుగు సెల్స్ ప్యాక్ లెక్కేసుకోండి. బ్రిడ్జ్ కొంచెం వేడెక్కుతుంది, ప్లాస్టిక్‌కి ఆనించొద్దు.

మార్క్లిన్ రకం వాటిలో ఫీల్డ్‌కి రెండు చుట్లు ఉంటాయి, ఒకటి ముందుకి ఒకటి వెనక్కి. వాటికి ఇంకో మంచి దారి ఉంది: ఆ ఫీల్డ్ తీసేసి అదే ఆకారంలో దొరికే పర్మనెంట్ మ్యాగ్నెట్ పెట్టడం, అప్పుడు అది మామూలు డీసీ మోటార్ అయిపోతుంది. కొనేముందు మీ మోటార్ కొలత సరిచూసుకోండి.

## 7. బ్యాటరీ ఎంచుకోవడం

పిల్లలు వాడే బొమ్మ అయితే నా ఓటు నికెల్ మెటల్ హైడ్రైడ్‌కే, సెల్‌కి 1.2 వోల్టులు, ఆరు పెట్టుకుంటే 7.2. బరువెక్కువ, చోటెక్కువ, కానీ చిన్న చిన్న పొరపాట్లని ఓర్చుకుంటుంది. పైగా రైలుకి బరువు మంచిదే.

చోటు తక్కువైతే లిథియం. ఒక్కో సెల్ 3.7 వోల్టులు, ఫుల్ చార్జ్‌లో 4.2, 3.0 కిందికి దింపకూడదు. 18650 సెల్ 18 మిల్లీమీటర్ల లావు, 65 పొడవు, ప్రొటెక్షన్ బోర్డు ఉన్నది ఇంకొంచెం పొడవు ఉంటుంది కాబట్టి చోటు కొలిచేటప్పుడు ఆ మూడు నాలుగు మిల్లీమీటర్లు మర్చిపోవద్దు. ఇరుకు బాడీలకి పలచటి లిపో (లిథియం పాలిమర్) ప్యాక్ సరిపోతుంది. పాత ల్యాప్‌టాప్ బ్యాటరీల్లోంచి పీకిన సెల్స్ వాడొద్దు. సెల్ మీద నేరుగా సోల్డర్ చెయ్యొద్దు, ట్యాబ్ ఉన్నవే కొనండి.

ఎంతసేపు వస్తుందో లెక్క తేలికే. 1000 మిల్లీఆంప్ అవర్ ప్యాక్, పట్టాల మీద 400 మిల్లీఆంపులు లాగుతుంటే రెండున్నర గంటలు, కానీ మొత్తం పిండకూడదు కాబట్టి 80 శాతం లెక్కేస్తే 2 గంటలు.

"ఒక్క సెల్ పెట్టి బూస్ట్ కన్వర్టర్‌తో (వోల్టేజ్ పెంచే బోర్డు) 12 వోల్టులు చేస్తే చాలదా?" అంటారు. చేస్తారు, కానీ లెక్క చూడండి: మోటార్ 12 వోల్టుల దగ్గర 0.4 ఆంపు తాగితే 4.8 వాట్లు, కన్వర్టర్ నష్టం కలిపితే 5.6 పైన, 3.5 వోల్టుల సెల్ నుంచి అంటే 1.6 ఆంపులు. చిన్న సెల్‌కి అది భారం, వోల్టేజ్ కుంగి రిసీవర్ (రిమోట్ సిగ్నల్ అందుకునే బోర్డు) రీసెట్ అవుతుంది. చోటు ఉంటే రెండు సెల్స్ సిరీస్ పెట్టడమే మేలు.

## 8. రిసీవర్, డ్రైవర్

రెండు దారులు ఉన్నాయి.

రెడీమేడ్ దారి. ఆర్‌సీ కార్లకి వాడే 2.4 గిగాహెర్ట్జ్ రిమోట్, రిసీవర్, రివర్స్ ఉన్న బ్రష్డ్ ఈఎస్‌సీ (బ్రష్‌లున్న మోటార్లకి వాడే స్పీడ్ కంట్రోలర్, డ్రైవర్ పని ఇదే చేస్తుంది). ఈఎస్‌సీ నుంచే రిసీవర్‌కి 5 వోల్టులు వస్తాయి, కాబట్టి రిసీవర్‌కి విడిగా బ్యాటరీ పెట్టొద్దు. కారు ఈఎస్‌సీల్లో మొదట బ్రేక్, రెండోసారి నొక్కితే రివర్స్ అనే పద్ధతి ఉంటుంది, రైలుకి అది చికాకు, నేరుగా రివర్స్ వెళ్ళే మోడ్ ఉన్నది చూసి తీసుకోండి. ఇంకో సంగతి, వదిలేస్తే మధ్యకి వచ్చేసే స్ప్రింగు స్టిక్ రైలుకి పనికిరాదు, గంటసేపు వేలు పెట్టి పట్టుకోలేరు కదా, పెట్టిన చోటే ఆగే నాబ్ లేదా స్టిక్ ఉండాలి.

సొంతంగా చేసుకునే దారి. ఈఎస్‌పీ32 బోర్డు (వైఫై, బ్లూటూత్ ఉన్న, ప్రోగ్రామ్ రాసుకునే చిన్న బోర్డు) పెట్టి ఫోన్ నుంచే నడపొచ్చు, పక్కన ఒక మోటార్ డ్రైవర్. చిన్న ఇంజనుకి టీబీ6612 సరిపోతుంది, చానల్‌కి ఏకధాటిగా 1.2 ఆంపులు ఇస్తుంది. అంతకంటే పెద్దవాటికి డీఆర్‌వీ8871, కాసేపటికి 3.6 ఆంపుల దాకా తట్టుకుంటుంది, కానీ దానికి కనీసం 6.5 వోల్టులు కావాలి కాబట్టి రెండు సెల్స్ ప్యాక్ అడుగంటే సరికి ఆగిపోతుంది. అందరికీ చేతికందే ఎల్298ఎన్ మాత్రం పెట్టొద్దు, దానిలోనే 2 వోల్టుల దాకా పోతుంది, 7.4లో 2 పోతే ఇంక మోటార్‌కి ఏం మిగిలింది.

ప్రోగ్రామ్‌లో రెండు విషయాలు తప్పకుండా రాయండి: అర సెకను పాటు సిగ్నల్ రాకపోతే మోటార్ ఆగాలి, ముందు నుంచి వెనక్కి మారేటప్పుడు సున్నాకి వచ్చి కాసేపు ఆగి మారాలి. పీడబ్ల్యూఎం (కరెంటుని గబగబా ఆన్, ఆఫ్ చేసి వేగం మార్చే పద్ధతి) 20 కిలోహెర్ట్జ్ పైన పెడితే కీచుమనే శబ్దం వినపడదు. మరీ నెమ్మదిగా నడిచేటప్పుడు కుదుపుతో ఆగిపోతుంటే మాత్రం ఫ్రీక్వెన్సీ తగ్గించి చూడండి.

## 9. వైరింగ్ వరస

బ్యాటరీ ప్లస్ → ఫ్యూజ్ → స్విచ్ → డ్రైవర్. ఫ్యూజ్ బ్యాటరీకి ఎంత దగ్గరుంటే అంత మంచిది, ఎందుకంటే ఫ్యూజ్‌కి ముందున్న వైరు ముక్కకి రక్షణ ఉండదు. తనంతట తనే కోలుకునే పాలీఫ్యూజ్ అయితే ఇంజను మళ్ళీ విప్పాల్సిన పని లేదు.

మోటార్ రెండు కాళ్ళ మధ్య, మోటార్‌కి ఆనించినట్టుగా, 0.1 మైక్రోఫారడ్ సిరామిక్ కెపాసిటర్ (పైన 104 అని రాసుంటుంది) సోల్డర్ చెయ్యండి. పాత మోటార్ బ్రష్‌ల దగ్గర నిప్పురవ్వలు వస్తాయి, ఆ రొద రిసీవర్‌ని తికమక పెడుతుంది, రైలు తనంతట తానే ఉలిక్కిపడినట్టు కదులుతుంది. కెపాసిటర్ పెడితే చాలావరకు తగ్గుతుంది.

బ్యాటరీ నెగెటివ్‌ని ఛాసిస్‌కి ఎక్కడా కలపొద్దు. స్విచ్, చార్జింగ్ జాక్ ప్లాస్టిక్ బాడీ ఉన్నవే వాడండి.

## 10. లోపల సర్దడం

చోటు కోసం ఇంజన్లో ఉన్న సీసం దిమ్మలు తీసేస్తారు, తర్వాత చక్రాలు జారి బోగీలు లాగవు. బ్యాటరీ ఆ దిమ్మ కంటే తేలిక. చోటు లేకపోతే బ్యాటరీని టెండర్‌లోనో, ఇంజను వెనకే ఉండే మొదటి బోగీలోనో పెట్టి ఇంజన్లో డ్రైవర్ మాత్రమే ఉంచండి, మధ్యలో చిన్న రెండు పిన్నుల కనెక్టర్. ఆ వైరు మలుపుల్లో బిగుసుకోకుండా కాస్త వదులుగా ఉండాలి, లేదంటే ప్రతి మలుపుకీ బోగీని పట్టా తప్పిస్తుంది.

రేకు బాడీ సిగ్నల్‌ని ఆపేస్తుంది. 2.4 గిగాహెర్ట్జ్ రిసీవర్ యాంటెన్నా చివర 31 మిల్లీమీటర్ల బోడి తీగే అసలు యాంటెన్నా, దాన్ని కత్తిరించొద్దు, చుట్ట చుట్టొద్దు, కిటికీ దగ్గరో ప్లాస్టిక్ టెండర్‌లోనో లోహానికి దూరంగా నిటారుగా ఉంచండి.

## 11. లైట్లు, పొగ

పాత బల్బులు బ్యాటరీని ఊరికే తినేస్తాయి, ఎల్ఈడీ పెట్టండి. రెండు సెల్స్ ప్యాక్‌కి 560 ఓమ్‌లు, మూడు సెల్స్‌కి 1 కిలోఓమ్ సిరీస్‌లో పెడితే దాదాపు 10 మిల్లీఆంపులు, ఆ వెలుతురు చాలు. పొగ వచ్చే యూనిట్ అంటే ఒక హీటరు, దాన్ని డిస్‌కనెక్ట్ చేసెయ్యండి.

## 12. మొదటి పరుగు

ఇందాక చెప్పిన కారు బల్బు ఇప్పుడు బయటికి తియ్యండి. బ్యాటరీ ప్లస్ వైరులో దాన్ని సిరీస్‌గా పెట్టి ఆన్ చెయ్యండి. ఎక్కడైనా షార్ట్ ఉంటే బల్బు గట్టిగా వెలుగుతుంది, ఇంకేమీ కాలదు. అంతా సరిగ్గా ఉంటే బల్బు వెలగదు, లేదా మోటార్ తిరిగేటప్పుడు ఎర్రగా మినుకుమంటుంది.

- చక్రాలు గాల్లో పెట్టి బల్బుతో ముందుకి, వెనక్కి కూడా నడపండి
- బల్బు తీసి, ఇంకా గాల్లోనే, 5 నిమిషాలు నడిపి మోటార్, డ్రైవర్, బ్యాటరీ వేలితో తాకి చూడండి
- పట్టాలకి ఉన్న పాత ట్రాన్స్‌ఫార్మర్ ప్లగ్ పీకెయ్యండి
- పట్టాల మీద ఒంటరి ఇంజను 10 నిమిషాలు
- తర్వాత ఒక్కో బోగీ కలుపుతూ వెళ్ళండి
- రిమోట్ ఆఫ్ చెయ్యండి, రైలు ఆగాలి. ఆగకపోతే ఫెయిల్‌సేఫ్ (సిగ్నల్ పోతే మోటార్ ఆపే ఏర్పాటు) సరిచేసేదాకా వాడొద్దు

## 13. తేడా వస్తే ఎక్కడ చూడాలి

రిమోట్‌లో ముందుకి అంటే వెనక్కి పోతోంది: మోటార్ వైర్లు రెండూ తారుమారు చెయ్యండి, అంతే.

ఒక దిక్కులోనే నడుస్తోంది: ఏసీ మోటార్ అయితే బ్రిడ్జ్ వైరింగ్ చూడండి. డీసీ అయితే ఒక బ్రష్ ఛాసిస్‌ని తాకుతోంది, వెంటనే ఆపి 5వ భాగం మళ్ళీ చెయ్యండి.

బయల్దేరగానే రిసీవర్ లైటు ఆరిపోయి వెలుగుతోంది: బ్యాటరీ వోల్టేజ్ కుంగుతోంది. సన్న వైరు, బలహీనమైన సెల్, లేదా బిగుసుకున్న గేరు. రిసీవర్ 5 వోల్టుల దగ్గర 470 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెడితే కొంత ఊరట, కానీ అసలు కారణం వెతకండి.

కొంచెం దూరం పోగానే కంట్రోల్ పోతోంది: యాంటెన్నా రేకు వెనక ఉంది, లేదా మోటార్ కెపాసిటర్ పెట్టలేదు.

పది నిమిషాలకి ఆగిపోయి, చల్లారాక మళ్ళీ నడుస్తోంది: డ్రైవర్ వేడెక్కి తనని తాను కాపాడుకుంటోంది. చిన్న హీట్ సింక్ పెట్టండి, 4వ భాగంలో రాసుకున్న అంకెలు మళ్ళీ కొలిచి పోల్చండి, పెరిగాయంటే మోటార్‌లో పని మిగిలుంది.

రైలు పట్టా మారే పాత పాయింట్ల మీద ఇంజను, బోగీలు తుళ్ళుతున్నాయి: ఇది కరెంటు సమస్య కాదు, వేలాడుతున్న పికప్ రేకు తగులుతోంది, వంచి పైకి కట్టండి.

## 14. చార్జింగ్, దాచడం

రెండు, మూడు సెల్స్ లిథియం ప్యాక్‌ని బ్యాలెన్స్ చార్జర్‌తోనే (సెల్స్ అన్నిటినీ సమంగా నింపేది) చార్జ్ చెయ్యాలి. ఒక్క సెల్ అయితే టీపీ4056 అనే చిన్న చార్జింగ్ బోర్డు చాలు, కానీ అది మామూలుగా 1 ఆంపు ఇచ్చేలా వస్తుంది, చిన్న సెల్‌కి అది ఎక్కువ. దాని మీద కరెంటు నిర్ణయించే 1.2 కిలోఓమ్ రెసిస్టర్ తీసి 4 కిలోఓమ్‌ది వేస్తే దాదాపు 300 మిల్లీఆంపులకి దిగుతుంది. చార్జ్ అవుతున్నప్పుడు స్విచ్ ఆఫ్‌లో ఉండాలి, లేకపోతే ఫుల్ అయిందో లేదో బోర్డుకి తెలియదు.

లిథియం చార్జ్ పెట్టి నిద్రపోవద్దు, బయటికి వెళ్ళొద్దు. వీలైతే ప్యాక్ బయటికి తీసి చార్జ్ చెయ్యండి. ఉబ్బిన ప్యాక్ మళ్ళీ వాడొద్దు, బ్యాటరీలు తీసుకునే చోట ఇచ్చెయ్యండి, చెత్తబుట్టలో వెయ్యొద్దు.

రైలు నెలల తరబడి పక్కన పెడుతుంటే సెల్‌కి 3.8 వోల్టుల దగ్గర ఆపి, కనెక్టర్ ఊడదీసి పెట్టండి. స్విచ్ ఆఫ్ చేశాం కదా అని కనెక్టర్ వదిలెయ్యకండి, కొన్ని బోర్డులు ఆఫ్‌లో కూడా సన్నగా కరెంటు లాగుతూనే ఉంటాయి. తీసిన పికప్‌లు, రిలే, పాత బల్బులు ఉన్న కవరు, మీరు గీసిన వైరింగ్ బొమ్మ కూడా అదే డబ్బాలో ఇంజను పక్కనే పెట్టండి.